ఓవర్‌లోడ్ బండి: జరిమానా, కేసు, బీమా గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రాక్టర్ వెనక తగిలించే తొట్టిని కోస్తాలో ట్రక్కు అంటారు, తెలంగాణలో ట్రాలీ అంటారు. లారీతో కలిసిపోకుండా ఇక్కడ ట్రాలీ అనే రాశాం. వడ్లు, పత్తి, మిర్చి ఇళ్లకు చేరే రోజుల్లో ట్రాక్టర్ల వాళ్లు, గూడ్స్ ఆటోల వాళ్లు, ఒకటి రెండు లారీలున్న ఓనర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి.

మా ట్రాక్టర్ పది టన్నులైనా అవలీలగా లాగుతుంది. ఓవర్‌లోడ్ అని ఎలా అంటారు?

ఇంజిన్ ఎంత లాగగలదో చట్టం అడగదు. ఆర్సీలో ఎంత రాసి ఉందో అడుగుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 113వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో రాసిన గ్రాస్ వెహికల్ వెయిట్ దాటిన బండినీ, ట్రాలీనీ రోడ్డు మీద నడపకూడదు. గ్రాస్ వెయిట్ అంటే సరుకు బరువు ఒక్కటే కాదు. బండి, డీజిల్, డ్రైవరు, క్లీనరు, సరుకు అన్నీ కలిపి. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీరు వేసుకోగల లోడు. ఈ తీసివేత చేయకుండా ఆర్సీలో ఉన్న పెద్ద అంకెను సరుకు లెక్క అనుకునేవాళ్లు చాలామంది.

పైగా లాగడం కన్నా ఆపడమే కష్టం. మన దగ్గర చాలా ట్రాలీలకు సొంత బ్రేకులు ఉండవు. ట్రాక్టర్ బ్రేకులే రెండింటినీ ఆపాలి. దిగుడులో వెనకున్న బరువు ట్రాక్టర్‌ని ముందుకు నెట్టి పక్కకు మడిచేస్తుంది. కాలువ గట్టు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేస్తాయని బంపరు మీద ఇద్దరిని కూర్చోబెట్టడం చూసే ఉంటారు. ఆ ఇద్దరి అవసరం వచ్చిందంటే లోడు మీరిందని బండే చెబుతోంది.

బస్తాల్లో చెప్పండి. ఎన్ని వేయొచ్చు?

ముందు బస్తా ఎంతో చూసుకోవాలి. 75 కిలోల వడ్ల బస్తాలు వంద వేస్తే ఏడున్నర టన్నులు. కొనుగోలు కేంద్రంలో 40 కిలోల సంచులైతే వందకు నాలుగు టన్నులే. రెండింటినీ జనం ‘వంద బస్తాలు’ అనే అంటారు. ఇసుక సంగతి ఇంకా మోసం. ఎండిన ఇసుక ఘనపు మీటరుకు టన్నున్నర పైనే ఉంటుంది. తడిస్తే అదే తొట్టి, అదే మట్టం, బరువు మాత్రం ఇంకా ఎక్కువ. పత్తి దీనికి తిరగేసి: బరువు తక్కువే కానీ తొట్టి దాటి పక్కలకు, వెనక్కు, ఆకాశంలోకి పెరుగుతుంది. దానికి వేరే జరిమానా ఉంది, కింద చెప్తాం. అనుమానం ఉంటే బయల్దేరే ముందే కాటా వేయించండి. ఆ చీటీకి అయ్యే డబ్బు మిగతా ఖర్చుల ముందు లెక్కలోది కాదు.

2018లో లోడు పెంచారు కదా. ఆ లెక్క నా పాత లారీకి వర్తిస్తుందా?

2018 జులైలో కేంద్రం ఇరుసు బరువుల పరిమితి పెంచిన మాట నిజమే. నాలుగు టైర్ల సింగిల్ యాక్సిల్‌కు 10.2 టన్నులు ఉన్నది 11.5 అయింది. ఆరు చక్రాల లారీ గ్రాస్ వెయిట్ 16.2 నుంచి 18.5 టన్నులకు, అతిపెద్ద ట్రైలర్లది 49 నుంచి 55 టన్నులకు వెళ్లింది. కానీ తనిఖీలో చూసేది మీ ఆర్సీ. అందులో పాత అంకె ఉంటే మీకు పాత పరిమితే. పేపర్లో చదివిన అంకె బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు పనికిరాదు.

పట్టుబడితే ఎంత కట్టాలి?

194వ సెక్షన్. 2019 సవరణ తర్వాత మూల జరిమానా 20,000 రూపాయలు, దాని మీద అదనపు టన్నుకు 2,000. ఆర్సీలో 18.5 టన్నులున్న లారీ కాటా మీద 23.5 చూపిస్తే: 20,000కు ఐదు టన్నుల 10,000 కలిపి 30,000. అదనపు సరుకు దింపించే ఖర్చు కూడా మీదే.

బరువు సరిగ్గానే ఉన్నా సరుకు పక్కలకు, ముందుకు, వెనక్కు, పైకి అనుమతించిన కొలతలు దాటితే దానికీ 20,000. పత్తి, వరిగడ్డి, ఊక తోలేవాళ్లు పడేది ఇక్కడే. ట్రాలీకి నాలుగు పక్కలా అదనపు బల్లలు బిగించి ఎత్తు పెంచుకున్నవాళ్లు కూడా దీన్ని చదువుకోవాలి.

కోర్టుకు వెళ్లకుండా అక్కడికక్కడే తేల్చుకునే కాంపౌండింగ్ రుసుము నిర్ణయించుకునే వీలు రాష్ట్రాలకు ఉంది. అందుకే మీకు తెలిసినాయన కట్టిన అంకెకు, పైన రాసిన అంకెకు తేడా ఉండొచ్చు. డ్రైవరు లైసెన్సు సంగతి వేరే. గూడ్స్ బండిలో ఓవర్‌లోడ్‌కు, గూడ్స్ బండిలో మనుషుల్ని ఎక్కించినందుకు కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు రహదారి భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది. 30,000 ఓనరు కడతాడు. మూడు నెలల జీతం పోయేది మాత్రం డ్రైవరుకి.

కాటా దగ్గరికి రానంటే ఏం చేస్తారు?

40,000 రూపాయలు. ఆపకుండా పోయినా అంతే, తూకానికి ముందే కొంత సరుకు దించేసినా అంతే. అధికారి మిమ్మల్ని ఎంత దూరమైనా తిప్పలేడు. మీరు వెళ్లే దారిలో ఏ చోటి నుంచైనా 10 కిలోమీటర్ల లోపు, లేదా గమ్యం నుంచి 20 కిలోమీటర్ల లోపు ఉన్న కాటాకే తీసుకెళ్లమనాలి. ఇది 114వ సెక్షన్లో ఉంది. డ్రైవర్లకు ఈ ఒక్కటి నేర్పి పంపితే రోడ్డు మీద సగం గొడవలు తగ్గుతాయి.

జరిమానా కట్టేశాను. ఇక అదే లోడుతో వెళ్లొచ్చు కదా?

వెళ్లకూడదు. జరిమానా రసీదు పర్మిట్ కాదు. అదనపు సరుకు దింపే దాకా బండి కదలకూడదని 194వ సెక్షన్లోనే ఉంది. కాంపౌండింగ్ డబ్బు కట్టించుకుని అదే లోడుతో వదిలేయడం చెల్లదని పరంజీత్ భాసిన్ కేసులో సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. ఇంకో చిక్కు చూడండి. రసీదు జేబులో పెట్టుకుని అదే లోడుతో వెళ్లి, ముప్పై కిలోమీటర్ల తర్వాత బోల్తా కొడితే, ఓవర్‌లోడ్ ఉందని, అది మీకు తెలుసని రుజువు చేసే కాగితం ఇన్సూరెన్స్ వాళ్లకు మీ జేబులోంచే దొరుకుతుంది.

డ్రైవరు బాడుగకు ఆశపడి ఎక్కువ వేశాడు. నేను ఇంట్లో ఉన్నాను. నాకేం సంబంధం?

మీకు తెలిసే, లేదా మీరు చెబితేనే జరిగిందని కోర్టు అనుకోవచ్చు. 113వ సెక్షన్లోని నాలుగో ఉపసెక్షన్ ఆ వీలు ఇచ్చింది. తెలియదని చూపించాల్సిన పని మీ మీద పడుతుంది. బాడుగ టన్నుల లెక్కన మాట్లాడుకున్న ఓనరు ఆ మాట అంటే ఎవరు నమ్ముతారు? జరిమానా కూడా నడిపినవాడికే కాదు, నడిపించినవాడికీ, నడపనిచ్చినవాడికీ వర్తిస్తుంది.

ఓవర్‌లోడ్ బండి ఎవరినైనా గుద్దితే వాళ్లకు బీమా డబ్బు వస్తుందా?

రోడ్డు మీద వెళ్తున్న మనిషి, బైకు మీదున్న మనిషి అయితే చాలావరకు వస్తుంది. థర్డ్ పార్టీ బీమా పెట్టింది బండి ఓనర్ని కాపాడటానికి కాదు, దెబ్బతిన్న మనిషిని కాపాడటానికి. ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే కోర్టు) ముందు బీమా కంపెనీ ఏయే కారణాలు చెప్పి తప్పుకోవచ్చో చట్టం ఒక జాబితా ఇచ్చింది (ఇప్పుడది 150వ సెక్షన్). లైసెన్సు లేకపోవడం, పర్మిట్‌లో లేని పనికి వాడటం, పందేలు లాంటివి అందులో ఉన్నాయి. ఓవర్‌లోడ్ అనే మాట ఆ జాబితాలో లేదు.

షరతు తప్పితే చాలదు, ఆ తప్పు వల్లే ప్రమాదం జరిగిందని చూపించాలన్నది కోర్టుల ధోరణి. 1996లో బి.వి. నాగరాజు కేసులో, ఆరుగురికి అనుమతి ఉన్న గూడ్స్ బండిలో తొమ్మిది మంది ఉన్నారు. ఆ ముగ్గురి వల్ల ప్రమాదం జరగలేదు కాబట్టి క్లెయిమ్ ఎగ్గొట్టడం కుదరదని సుప్రీంకోర్టు తేల్చింది. 2016లో లఖ్మీ చంద్ కేసులోనూ అదే మాట: ఎక్కువ మంది ఎక్కడమే ప్రమాదానికి కారణమని కంపెనీయే రుజువు చేయాలి.

ఈ రెండూ చూసి ధీమా పడొద్దు. అవి మనుషుల లెక్క తప్పిన కేసులు. ఎనిమిది టన్నుల ఇసుక వెనక నుంచి తోస్తుంటే బ్రేకు పట్టక గుద్దిన కేసులో, ‘ఆ బరువు వల్లే’ అని రుజువు చేయడం కంపెనీకి పెద్ద పని కాదు. అప్పుడు కూడా బాధితుడికి డబ్బు కట్టమని, తర్వాత ఓనరు దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునల్ అనొచ్చు. వకీళ్లు దీన్ని ‘పే అండ్ రికవర్’ అంటారు. ఆ వసూలుకు కంపెనీ కొత్తగా దావా వేయనక్కర్లేదు, అదే తీర్పు మీద అమలుకు వెళ్లొచ్చు. బాధితుడికి పది లక్షలు బీమా ఇచ్చింది కదా అని ఊపిరి పీల్చుకున్న ఓనరు ఇంటికి ఏడాది తర్వాత నోటీసు వస్తుంది. పొలం అమ్ముకునేది ఇక్కడే.

ఆస్తి నష్టం వేరే లెక్క. కరెంటు స్తంభం, కల్వర్టు, ఎవరిదో షాపు కూలితే పాలసీలో థర్డ్ పార్టీ ఆస్తికి సాధారణంగా 7.5 లక్షల పరిమితి ఉంటుంది. ఆపైది మీదే.

మరి నా బండి రిపేరు?

ఇక్కడ పరిస్థితి కఠినం. కమర్షియల్ ప్యాకేజీ పాలసీ (థర్డ్ పార్టీతో పాటు సొంత బండికీ రక్షణ ఇచ్చేది) తీసి చదివితే, మినహాయింపుల్లోనే ఓవర్‌లోడ్ వల్ల, బండి మీద పడిన అధిక ఒత్తిడి వల్ల కలిగిన నష్టం చెల్లించమని ఉంటుంది. అంటే లోడుకు కమాన్ కట్టలు విరిగినా, ఇరుసు వంగినా, ఛాసిస్ బీటలిచ్చినా, హుక్కు ఊడినా మీ ఖర్చే. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఈ ప్రశ్నే లేదు, మీ బండికి పైసా రాదు.

యాక్సిడెంట్‌లో దెబ్బతిన్న బండి అయితే, ఓవర్‌లోడ్ కూడా ఉందని తేలితే, మొత్తం క్లెయిమ్ కొట్టేయకుండా తగ్గించి ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది. నాన్ స్టాండర్డ్ సెటిల్‌మెంట్ అంటారు. అనుమతించిన సామర్థ్యం మించి లోడు వేసిన కేసుల్లో రావాల్సిన దానిలో 75 శాతం మించకుండా ఇవ్వొచ్చు. 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు ఈ మార్గదర్శకాలను ఎత్తి చూపింది. కాబట్టి ‘ఓవర్‌లోడ్, క్లెయిమ్ రిజెక్ట్’ అని ఒక్క వాక్యం ఉత్తరం వస్తే అక్కడితో వదిలేయకండి. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఆ తర్వాత బీమా ఫిర్యాదులు వినే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ హైదరాబాద్‌లో ఉన్నారు, రెండు తెలుగు రాష్ట్రాలూ ఆయన పరిధే. వినియోగదారుల కమిషన్ కూడా ఉంది.

నష్టం లెక్కగట్టడానికి వచ్చే సర్వేయరు ఏం చూస్తాడని అడుగుతారు. కాటా చీటీ, వే బిల్లు, మిల్లు వాళ్ల లోడింగ్ స్లిప్, ఇన్‌వాయిస్. సరుకు బరువు ఈ నాలుగింటిలో ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. మిల్లుకు ఒక బరువు, బీమాకు ఇంకో బరువు చెబితే రెండూ ఒకే బల్ల మీదకు వస్తాయి.

ట్రాక్టర్‌కు ఇన్సూరెన్స్ ఉంది, ట్రాలీకి లేదు. సరిపోతుందా?

సరిపోదు. మా దృష్టిలో ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన జవాబు ఇదే, అందరూ దాటేసేదీ ఇదే. చట్టం దృష్టిలో ట్రాలీ వేరే వాహనం, దాని రిజిస్ట్రేషన్ దానిదే. పాలసీలో ట్రాలీ పేరు, నంబరు రాయించి, దానికి ప్రీమియం కట్టి ఉండాలి. కమర్షియల్ పాలసీలో ‘వాడకం పరిమితులు’ అనే పేరా ఉంటుంది. ట్రైలర్ (అంటే మన ట్రాలీ) లాగుతుండగా బీమా వర్తించదని అందులోనే ఉంటుంది, ప్రత్యేకంగా చేర్చుకుంటే తప్ప.

2007లో బ్రిజ్ మోహన్ కేసు ఇలాంటిదే. మట్టి తోలే ట్రాక్టర్ ట్రాలీ మీంచి కూలీ పడిపోయాడు. ట్రాలీకి బీమా లేదు, వాడింది వ్యవసాయానికి కాదు. కంపెనీకి బాధ్యత లేదన్న వాదన నిలిచింది. అతని పేదరికం చూసి, కంపెనీ ముందు చెల్లించి ఓనరు దగ్గర రాబట్టుకోవాలని సుప్రీంకోర్టు తన విశేషాధికారంతో చెప్పింది. చివరికి భారం ఎవరి మీద పడిందో గమనించండి.

కూలీలను ట్రాలీలో తీసుకెళ్తాం. అందరూ చేసేదే కదా?

అందరూ చేసేదే. 2018 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర పత్తి చేనుకు కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది పోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే.

బీమా మాటకొస్తే: గూడ్స్ బండిలో ఊరికే ఎక్కినవాళ్లకు, డబ్బిచ్చి ఎక్కినవాళ్లకు థర్డ్ పార్టీ రక్షణ వర్తించదని ఆశా రాణి కేసులో 2002లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ట్రాక్టర్ తయారీలో సీటు ఒక్కటే, డ్రైవరుది. మడ్‌గార్డు మీద కూర్చున్న మనిషికి పాలసీలో చోటు లేదు. లోడింగ్, అన్‌లోడింగ్‌కు మీరు జీతమిచ్చి పెట్టుకున్న హమాలీలకు ప్రీమియం కట్టి చేర్చుకోవచ్చు. పక్క ఊరి నుంచి మిరప కోతకు వస్తున్న ఇరవై మందికి ఆ దారి లేదు.

కూలీ అడ్డా నుంచి పొలానికి మినీ బస్సో, ఆటోలో సీట్ల లెక్క ప్రకారమో పెట్టుకుంటే ఖర్చు పెరుగుతుందని రైతులు అంటారు. పెరుగుతుంది, నిజమే. ఆ ఖర్చును కూలి బేరంలోనే తేల్చుకోవాలి.

షేర్ ఆటోలో, జీపులో ఎక్కువ మంది ఎక్కితే?

ప్రయాణికుల బండికి లెక్క వేరు. ఎంతమందికి బీమా ఉందో అంతమంది మేరకే కంపెనీ బాధ్యత అని 2007లో అంజనా శ్యామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అన్నిటికన్నా పెద్ద అవార్డులను (ట్రిబ్యునల్ ఖరారు చేసిన పరిహారాలను) అంతమంది లెక్కకు తీసుకుని, ఆ మొత్తం అందరికీ దామాషాలో పంచుతారు. మిగిలింది ఓనరు ఇవ్వాలి.

వ్యవసాయ ట్రాక్టర్‌తో కిరాయికి ఇసుక, ఇటుకలు తోలొచ్చా?

వ్యవసాయ ట్రాక్టర్ రవాణా వాహనం కాదని కేంద్ర నిబంధనలే చెప్తాయి. కానీ దానికి ట్రాలీ తగిలించి సరుకు మోస్తే ఆ జత గూడ్స్ క్యారేజ్ అవుతుందని, పర్మిట్ కావాలని నట్వర్ పారిఖ్ కేసులో 2005లో సుప్రీంకోర్టు తీర్పు. పర్మిట్ లేకుండా తోలితే 192ఏ కింద 10,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. పైన చెప్పిన 150వ సెక్షన్ జాబితా గుర్తుందా? కంపెనీ తప్పుకునే తలుపు ఇదే. ఇక్కడ ఓవర్‌లోడ్ అనే మాట కూడా వాళ్లకు అక్కర్లేదు.

దారిలో ఆగిపోయిన బండిని తాడు కట్టి లాగితే?

చెడిపోయిన ఒక్క బండిని, డబ్బు తీసుకోకుండా లాగితే కమర్షియల్ ప్యాకేజీ పాలసీ వర్తిస్తుంది. రెండు షరతులూ గట్టివే. డబ్బు తీసుకుంటే పోయింది, రెండు బండ్లు కట్టినా పోయింది. లాగబడుతున్న బండికి, అందులో సరుకుకు జరిగిన నష్టం ఎలాగూ రాదు. రెండు బండ్ల మధ్య ఎడం 5 మీటర్లు దాటకూడదు, తాడు దూరం నుంచి కనబడాలి, వెనక బండికి లాగుతున్నట్టు బోర్డు ఉండాలి. రాత్రిపూట నల్లతాడుతో కట్టిన రెండు బండ్ల మధ్యలోంచి బైకు దూరబోయిన ప్రమాదాలు తెలిసినవాళ్లకు ఈ బోర్డు ఎందుకో చెప్పనక్కర్లేదు.

ట్రాక్టర్ లైసెన్సుతో ట్రాలీ లాగొచ్చా?

లాగొచ్చు. ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టర్ లైసెన్సు చెల్లకుండా పోదని నాగశెట్టి కేసులో 2001లో తీర్పు వచ్చింది. 7,500 కిలోల లోపు గ్రాస్ వెయిట్ ఉన్న రవాణా బండ్లను ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతోనే నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా తేల్చింది. కాబట్టి చిన్న గూడ్స్ బండ్ల కేసుల్లో లైసెన్సు పేరు చెప్పి క్లెయిమ్ ఆపడం ఇప్పుడు అంత తేలిక కాదు.

మనిషి చనిపోతే పోలీసు కేసు ఎవరి మీద?

డ్రైవరు మీద తప్పదు. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ 304ఏ బదులు భారతీయ న్యాయ సంహిత 106 వచ్చింది. నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా పెరిగింది. బరువు ఎక్కువని తెలిసీ పంపాడని సాక్ష్యం ఉంటే ఓనరు పేరు కూడా చేర్చే ప్రయత్నం జరుగుతుంది. బీమా డబ్బు కట్టగలదు, జైలు శిక్ష అనుభవించలేదు.

ప్రమాదం జరిగిపోయింది. ఇప్పుడేం చేయాలి?

దెబ్బతిన్నవాళ్లను ఆసుపత్రికి చేర్చి, పోలీసులకు, అదే రోజు బీమా కంపెనీకి చెప్పండి. ఫొటోలు తీయండి, లోడు కూడా కనబడేలా. చాలామంది చేసే పెద్ద తప్పు ఏమిటంటే, సర్వేయరు వచ్చేలోగా అర్ధరాత్రి మరో ట్రాక్టర్ తెచ్చి సగం సరుకు దాటించేయడం. మిల్లు చీటీలో బరువు ఉంటుంది, ఊళ్లో చూసినవాళ్లు ఉంటారు, బోల్తాపడ్డ చోట ఇసుక కుప్ప ఉంటుంది. ఓవర్‌లోడ్‌కు 75 శాతమైనా దక్కే క్లెయిమ్, అబద్ధం బయటపడితే మొత్తానికే పోతుంది. ట్రాఫిక్‌కు అడ్డమని పోలీసులు సరుకు తీయమంటే తీయండి, కానీ తీసే ముందు ఫొటో, తీసిన సరుకుకు కాటా చీటీ ఉంచుకోండి.

బాధితుల వైపు నుంచి చదువుతున్నవాళ్లకు ఒక మాట. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ ప్రకారం ట్రిబ్యునల్‌లో దరఖాస్తుకు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు గడువు పెట్టారు. దినకర్మలు, ఆసుపత్రులు, పెద్దమనుషుల పంచాయితీ అంటూ తిరుగుతుంటే ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. ట్రాక్టర్ నంబరుతో పాటు ట్రాలీ నంబరు కూడా ఎఫ్ఐఆర్‌లో రాయించారో లేదో మొదటి రోజే చూసుకోండి.